సైడింగ్ కొలిచాకే కిరాయి మాట

ఒరేయ్ శ్రీనూ,

పెన్సిల్వేనియాలో దాణా మిల్లు తీసుకుంటున్నావన్నమాట! వెనకాల పాత పట్టాలున్నాయి, సోయా పిండి రైల్లో దింపించుకోవచ్చా అని అడిగావు. బ్రహ్మాండంగా దింపించుకోవచ్చు. నిండు హాపర్ వ్యాగన్ (అడుగున గేటు తీస్తే సరుకు కిందికి రాలేది) 2,86,000 పౌండ్లు తూగుతుంది, అందులో సరుకే నూరు టన్నులు. లారీ మొత్తం బరువు 80,000 పౌండ్లు దాటకూడదు కనక ఒక వ్యాగన్ నాలుగు లారీల పెట్టు.

పెద్ద రైల్వే వ్యాగన్లను జంక్షన్‌లో వదిలేసి తన దారిన పోతుంది. అక్కణ్ణించి నీ గేటు దాకా లాక్కొచ్చేది షార్ట్‌లైన్ అనే చిన్న స్థానిక రైల్వే. 1980లో రైల్వేల మీద ప్రభుత్వ ఆంక్షలు సడలించిన స్టాగర్స్ చట్టం వచ్చాక గిట్టని బ్రాంచి లైన్లు వదిలించుకోవడం పెద్ద కంపెనీలకు తేలికైంది. ఇప్పటి షార్ట్‌లైన్లు చాలామట్టుకు అలా పుట్టినవే. మీ వైపు స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్ మాత్రం 1832 నాటిది. ఉన్నది నాలుగున్నర మైళ్ళే. టూరిస్టులకు ఆవిరి బండి నడుపుతూనే సరుకూ మోస్తుంది.

కిరాయి బేరానికి ముందు నీ సైడింగ్, అదే మిల్లు వెనకాల పట్టాలు, చూసుకో. అది నీ స్థలంలో ఉంటే మరమ్మతు మామూలుగా నీ నెత్తినే పడుతుంది. పట్టాల మధ్య కొలత 56.5 అంగుళాలుండాలి. గంటకు 10 మైళ్ళ లైనుకు కూడా 58 దాటకూడదు, 39 అడుగుల ముక్కకు కనీసం అయిదు గట్టి స్లీపర్లు ఉండాలి. స్లీపరు పుచ్చితే మేకు పట్టదు, పట్టా పక్కకు జరుగుతుంది, చక్రం లోపలికి దిగిపోతుంది. ముందు వంపులు, అతుకులు చూడు. అతుకు కుంగితే వ్యాగన్ అటూ ఇటూ ఊగుతుంది. 13 నుంచి 21 మైళ్ళ వేగంలో ఆ ఊపు మరీ ప్రమాదం, అందుకే అలాంటి లైన్లో డ్రైవరు పదికి మించనివ్వడు. వాళ్ళు నిదానంగా వస్తున్నారని విసుక్కోకు.

ఇక డెమరేజ్, అంటే గడువులోగా వ్యాగన్ ఖాళీ చేసి వదలకపోతే పడే రుసుము. నీ సైడింగ్ నిండి వాళ్ళు వ్యాగన్‌ను యార్డులోనే ఆపుకోవలసి వచ్చినా గడియారం తిరుగుతూనే ఉంటుంది. 'నా దగ్గరికి రాలేదుగా' అంటే చెల్లదు. షార్ట్‌లైన్ వారానికి ఏయే రోజులు వస్తుందో కనుక్కుని, ఆ మధ్యలో ఎన్ని ఖాళీ చేయగలవో అన్నే ఆర్డరివ్వు.

సోయా పిండితో ఇంకో తంటా ఉంది. దారిపొడుగునా కుదుపులకు గట్టిపడి, గేటు తీసినా రాలదు. వ్యాగన్ పక్కనుండే బ్రాకెట్‌కు వైబ్రేటర్ తగిలించు. సుత్తితో బాదితే రేకు సొట్టపోయి బిల్లొస్తుంది. గేటు తీసేముందు హ్యాండ్‌బ్రేక్ బిగించి, చక్రాలకు అడ్డు పెట్టాలి. పైనించి పొడవడానికి మాత్రం ఎవర్నీ లోపలికి దింపకు. పిండి ఒక్కసారి జారిందంటే మనిషి మునిగిపోతాడు.

వ్యాగన్ సుమారు 60 అడుగులు. పట్టాలు చీలే స్విచ్చి దగ్గర పక్క లైనుకు తగలకుండా జాగా వదిలి, మిగతాది కొలిచి రాయి. ఎన్ని పడతాయో లెక్క వేద్దాం.

నీ,
రఘు