దీవికి తీసుకెళ్లి పండు రుచి చూపించరా?

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడేసరికి పేపర్ల నిండా విదేశీ టూర్ల ప్రకటనలే. బాలీ, ఫుకెట్, లంకావీ, పెనాంగ్, మారిషస్. బీచ్, క్రూజ్, షాపింగ్, రాత్రికి మన భోజనం అని పెద్దక్షరాల్లో వేస్తారు. ఆ దీవుల్లో ఏ పండు కాస్తుందో, ఏ నెలలో కాస్తుందో నేను చూసిన ప్రకటనల్లో ఒక్క ముక్క లేదు. గడ్డిఅన్నారం మార్కెట్ రోజుల నుంచి ఇప్పటి బాటసింగారం దాకా పండ్ల కమీషన్ ఏజెంట్‌గానే బతికినవాణ్ని. నాకిది చిన్న విషయంగా తోచడం లేదు.

మొన్న జూలైలో మా ఆవిడా నేనూ ఒక గ్రూప్ టూర్‌లో మలేసియా వెళ్లాం. పెనాంగ్ దీవిలో పేరున్నవన్నీ చూపించారు. 1923లో మొదలైన పెనాంగ్ హిల్ కొండ రైలు ఎక్కాం. కెక్ లోక్ సీ బౌద్ధాలయం చూశాం. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన జార్జ్‌టౌన్ వీధుల్లో తిరిగాం. ఆ పాత ఇళ్లను వాళ్లు కాపాడుకున్న తీరు చూస్తే ముచ్చటేసింది. అయితే దీవికి పడమటి వైపు బాలిక్ పులావ్ అనే ఊరుంది. పనసలా పైన ముళ్లుండే దురియన్ పండు తోటలకు పెట్టింది పేరు, పైగా అది పంట కాలం. బస్సు ఒకసారి అటు తిప్పమంటే టైం లేదన్నారు. అదే రోజు ఒక చాక్లెట్ షాపు ముందు మాత్రం గంటన్నర ఆపారు. మాలో పెద్దవయసు వాళ్లు కూర్చోడానికి చోటు లేక బయట గట్టు మీద కూర్చున్నారు. మర్నాడు షాపింగ్ మానేసి, సొంత డబ్బుతో కారు మాట్లాడుకుని మేమిద్దరమే వెళ్లాం.

తోట కొండవాలు మీద ఉంది. చెట్ల కింద వలలు కట్టారు. మలేసియా రైతులు దురియన్‌ను కోయరు, చెట్టు మీదే పండి దానంతటదే రాలేదాకా ఆగుతారు. ఎక్కువగా రాత్రిపూట రాలుతుంది, తెల్లారగానే ఏరుకుంటారు, వీలైతే ఆ రోజే తినేస్తారు. మన దగ్గర మామిడిని పచ్చికాయగా దింపి మాగబెట్టాల్సిందే. ఇథిలీన్ గదులు వచ్చినా, నిషేధం ఉన్నా, ఇంకా కార్బైడ్ పొట్లాలు పెట్టేవాళ్లను కళ్లారా చూస్తున్నాను. రాలే పండు కోసం వల కట్టుకుని కూర్చునే రైతును చూసి నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

తోటాయన చేతికి మందపాటి తొడుగు వేసుకుని, కాయ అడుగున కత్తి మొన గుచ్చి మెలితిప్పాడు. అరలుగా విచ్చుకుంది. లోపల లేత పసుపు తొనలు. వాసన ఘాటుగా ఉండే మాట నిజం, అందుకే అక్కడ చాలా హోటళ్లు దాన్ని గదుల్లోకి రానివ్వవు. నోట్లో పెట్టుకుంటే చిక్కటి మీగడలా కరిగి, చివర్లో సన్నగా చేదు తగిలింది. ఆ చేదు తగిలే రకాలనే కోరి కొనేవాళ్లు చాలామంది ఉన్నారట. తిన్నాక ఖాళీ తొక్కలో నీళ్లు పోసి, ఆ నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు, వాసన పోతుందని. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం చూసుకుని తినాలి. మద్యంతో కలిపి తినొద్దని అక్కడివాళ్లు గట్టిగా చెబుతారు.

ఊదారంగు తొక్క ఉండే మాంగోస్టీన్ పండు హైదరాబాద్ సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతుంది, నేనూ అమ్మాను. ఇక్కడికి చేరేసరికే చాలా కాయల తొక్క రాయిలా బిగిసిపోతుంది. అక్కడ బొటనవేలితో నొక్కితే తొక్క మెత్తగా దిగింది. కాయ అడుగున పువ్వులాంటి గుర్తు ఉంటుంది, దానికి ఎన్ని రేకలుంటే లోపల అన్ని తెల్లటి తొనలు. నాలుగైదు కాయలు విప్పి లెక్క చూశాం, తప్పలేదు.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది జాజికాయ. బేగంబజార్‌లో ఎండిన జాజికాయ, జాపత్రి కొని బిర్యానీలో వేసుకోవడమే మనకు తెలుసు. ఆ రెంటినీ చుట్టి ఒక పండు ఉంటుంది. పండితే పగిలి, నల్లని గింజ మీద ఎర్రటి జాపత్రి అల్లుకుని కనిపిస్తుంది. పెనాంగ్‌లో దాని కండతో జ్యూస్ చేస్తారు, ఊరబెడతారు. ఈస్టిండియా కంపెనీ కాలంలో నాటిన పంట అది. మా ఆవిడ రెండు గ్లాసులు తాగింది. మా గ్రూపులో మిగతావాళ్లకు ఆ పండు ఒకటుందనే తెలియకుండా విమానం ఎక్కించారు.

టూర్లు నడిపేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ప్యాకేజీలో ఒక పూట తోటకు కేటాయించండి. పెనాంగ్ దీవిలోనే తెలుక్ బహాంగ్ అనే ఊరి దగ్గర తోటంతా తిప్పి చూపించి, చివర్లో పండ్లు కోసి పెట్టే ఫ్రూట్ ఫార్మ్ ఉండనే ఉంది. పెనాంగ్‌లో దురియన్ జోరు జూన్, జూలైలలో. ఏప్రిల్‌లో తీసుకెళ్లేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. పిల్లల బడి టెన్షన్ లేని మా వయసు వాళ్లకు జూన్ తర్వాత టూర్లు వేస్తే రద్దీ కూడా తగ్గుతుంది. వెళ్లేవాళ్లకూ ఒక మాట: అక్కడి గింజలు, మొక్కలు సంచిలో వేసుకు రావద్దు. విదేశీ మొక్కల దిగుమతి మీద మన దేశం పెట్టిన 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం వాటికి అనుమతి పత్రాలు కావాలి. ఒక్క పురుగు వెంట వచ్చినా నష్టపోయేది మన తోటల రైతే.

మన పర్యాటక శాఖ కూడా ఆలోచించాలి. హైదరాబాద్ వచ్చిన విదేశీయులకు చార్మినార్, గోల్కొండ చూపించి ముత్యాల కొట్లో దింపుతున్నాం. మే నెలలో కొల్లాపూర్ మామిడి తోటకు, సీతాఫలాల కాలంలో పాలమూరు గుట్టల వైపు ఒక బస్సు నడపలేమా? హిమాయత్ మామిడి పండు రసం మోచేతిదాకా కారుతుంటే చెట్టు కిందే తినే అవకాశం వాళ్లకెందుకు ఇవ్వకూడదు? రైతుకూ గేటు దగ్గరే నాలుగు డబ్బులు మిగులుతాయి.

మీ ఆదివారం అనుబంధంలో ఏ దేశంలో ఏ నెల ఏ పండు దొరుకుతుందో వరసగా వేయండి. టూరు బుక్ చేసుకునే ముందు కత్తిరించి దాచుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

ఇట్లు,
ఒక పండ్ల వ్యాపారి,
కొత్తపేట, హైదరాబాద్