నర్సాపురం రైల్లో కలిసిన అన్నయ్యగారికి

మొన్న భీమవరం టౌన్లో ఎక్కి పాలకొల్లులో దిగిపోయిన అన్నయ్యగారూ, కంగారులో పేరైనా అడగలేదు, మీకు బోలెడు థాంక్సండీ. యూరప్ రైళ్లెక్కడానికి యూరైల్ పాస్ కొనేశాం కదా, నెలలో 4 రోజులు తిరిగేది, ఇంక మన సీజన్ టికెట్‌లాగే ఏ బండొస్తే అది ఎక్కేయడమే అనుకున్నాం నేనూ అమ్మానూ, మీరే నా ఫోన్ తీసుకుని, రైలెక్కకముందే యాప్‌లో పాస్ యాక్టివేట్ చేయాలమ్మా, ఎక్కే ప్రతి బండీ అందులో యాడ్ చేసుకుంటేనే టీటీకి చూపించే క్యూఆర్ కోడ్ వస్తుంది అని దగ్గరుండి నేర్పించారు. పాస్‌పోర్ట్ నంబర్లో నేనొక అంకె తప్పు కొట్టానని పట్టుకుంది కూడా మీరే (అమ్మ ఇప్పటికీ తిడుతూనే ఉంది లెండి). ఫ్రాన్స్‌లో టీజీవీ అనే స్పీడు రైలు ఎక్కాలంటే పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి వేరే డబ్బులు కట్టాలన్నారు కదా, నిన్ననే కట్టేశా. పూతరేకులు ఇస్తుంటే షుగరని తీసుకోలేదు, ఈసారి కనిపిస్తే జంతికలు పెడతానండి.