మావా, ఆ వర్క్‌షాప్ కాస్త ఆపు

శ్రీకాకుళం,
ఆదివారం

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. మండల విద్యాధికారివి (ఎంఈవో) అయ్యాక కూడా చేత్తో రాసినందుకు సంతోషం. రాత మాత్రం ఏమీ బాగుపడలేదు, రెండు చోట్ల మా ఆవిడ చేత చదివించుకోవాల్సి వచ్చింది. ఇక్కడ అందరం కులాసాయే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి. పెద్దది ఎచ్చెర్లలో పీజీలో చేరింది కాబట్టి టీవీ రిమోట్ చాలా కాలానికి నా చేతికొచ్చింది. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

ఇక నీ వర్క్‌షాప్ సంగతి. మండలంలో టీచర్లందరినీ ఒకరోజు కూర్చోబెట్టి, విశాఖ నుంచి ఎవరో స్పీకర్‌ని పిలిపించి, ప్రతి స్కూలూ ఒక ఇన్నోవేషన్ తయారుచేసి తేవాలని ఆర్డర్ వేస్తానన్నావు. నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెబుతున్నా: వద్దురా బాబూ! ఆర్డర్ వాట్సాప్ గ్రూపులో పడిన సాయంత్రమే ఊళ్ళో థర్మోకోల్ షీట్లు అయిపోతాయి. అగ్నిపర్వతాలు, గుండె బొమ్మలు, వాన నీటి గుంటల మోడళ్ళు వరసగా బల్లల మీదకి వస్తాయి. ఫోటోలు తీస్తారు, సర్టిఫికెట్లు పంచుతారు. మర్నాడు అవన్నీ బీరువా వెనక్కి చేరతాయి. మనం టీచర్ ట్రైనింగ్‌కి డైట్‌లో చేరినప్పటి నుంచి చూస్తున్న టీఎల్ఎం (బోధన సామగ్రి) మేళాలే కదా ఇవి. నిజంగా పనికొచ్చేవి ఆ బల్లల మీదకి రానే రావు, ఎందుకంటే చూడ్డానికి అవి ఏమీ లేనట్టే ఉంటాయి.

పలాస వైపు ఒక లెక్కల మేడం ఉన్నారు. ఆవిడ బడిలో సగం మంది పిల్లల తల్లులు జీడి బట్టీల్లో పప్పు వలిచే పనికి వెళతారు. ఏడో తరగతికి నిష్పత్తులు, శాతాలు ఎంత చెప్పినా ఎక్కడం లేదని ఆవిడ పాఠాన్ని బట్టీకి తీసుకెళ్ళిపోయారు. జీడిపప్పు డబ్బా మీద డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని వేస్తారు కదా, ఆ అంకె పౌను బరువుకి ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. పౌనంటే సుమారు 454 గ్రాములు. అయితే 240 రకంలో ఒక్కో పప్పు బరువెంత? 320 రకం పప్పు పెద్దదా, చిన్నదా? అంకె పెరిగితే పప్పు చిన్నదవుతుందని తెలిసేసరికి పిల్లలు గోల గోల. విలోమానుపాతం అనే మాట బోర్డు మీద రాయకముందే వాళ్ళకి అర్థమైపోయింది. తర్వాత బస్తా పిక్కలు కొడితే పప్పు ఎంత, బద్ద ఎంత, నుసి ఎంత, అమ్మకి కిలోకి ఎంత కూలి అని ఇళ్ళ దగ్గర అడిగి రాసుకొచ్చారు. ఒక పిల్ల వాళ్ళమ్మ కూలి లెక్కలో తేడా కూడా పట్టేసిందట. ఈవిడ ఏ మేళాకీ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే, "ఏం పట్టుకెళ్ళమంటారు సార్, డబ్బా మూతా?" అన్నారు.

ఇలాంటివాళ్ళు మీ మండలంలోనూ ఉంటారు. నీ పని వాళ్ళని తయారుచేయడం కాదు, వెతికి పట్టుకోవడం.

మన జిల్లాలో ఇలాంటి టీచర్లకి గిడుగు రామమూర్తి గారిని మించిన ఉదాహరణ లేదు. ప్రతి ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేస్తాం, వ్యావహారిక భాష అంటాం, మిఠాయి పంచుతాం, అంతే. ఆయన మొదట ఒక బడిపంతులు అన్న సంగతి ఎవరూ చెప్పరు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్పై రూపాయల జీతానికి చేరారు. ఇప్పుడు ఆ ఊరు ఒడిశాలో ఉంది కానీ మన పాతపట్నం దాటితే వచ్చేదే కదా. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర గిరిజనులకి చదువు చెప్పాలనిపించింది ఆయనకి. తెలుగులో చెబితే వాళ్ళకి రాదు. అలాగని "వీళ్ళకి చదువు అబ్బదు" అని ఊరుకోలేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని తాను ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు, అక్కడి పంతుళ్ళకి జీతాలు కూడా తానే ఇచ్చారు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు. ప్రభుత్వం రావుబహద్దూర్ బిరుదు ఇచ్చింది 1913లో, అంటే పని మొదలుపెట్టిన చాలా ఏళ్ళకి. ఇప్పుడు మనం టీచర్లలో చొరవ, సొంతంగా ఒక పని మొదలుపెట్టే గుణం అని పెద్ద మాటలు మాట్లాడుతున్నాం. అదెలా ఉంటుందో ఎవరైనా అడిగితే నేను ఆయన్నే చూపిస్తాను.

ఆ కథలో నీలాంటి అధికారి కూడా ఒకడున్నాడు మావా. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తర సర్కారుల్లో స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఇంకొకటి, ఇలా ఎందుకుందని ఆయనకి సందేహం వచ్చింది. విశాఖలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దానికి జవాబు చెప్పగలిగేది గురజాడ, గిడుగు ఇద్దరేనని పంపించాడాయన. అక్కణ్ణుంచి మొదలైన వ్యావహారిక భాషా ఉద్యమం ఎంత దూరం వెళ్ళిందో నీకు తెలుసు. ఆ ఇన్‌స్పెక్టర్ సర్క్యులర్ పంపలేదు, తనకి తెలియని సంగతి తెలిసినవాళ్ళని అడిగాడు. నువ్వు బడికి వెళ్ళినప్పుడు రిజిస్టర్లు చూసే ముందు "ఈ నెల్లో కొత్తగా ఏం చేసి చూశారు, ఏం కుదరలేదు?" అని అడిగి చూడు. మొదట్లో అందరూ నీళ్ళు నములుతారు. మెమో ఇస్తాడేమో అని భయం! రెండోసారీ మూడోసారీ అడిగి, మెమో రాలేదని తేలాక నోరు విప్పుతారు.

ఈ భయం చిన్నది కాదు. మా స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే చుట్టుపక్కల బళ్ళ గుంపులో, ఒక సారు బడిలో పిల్లల దుకాణం పెట్టారు. పెన్సిళ్ళు, రబ్బర్లు, నోటుబుక్కులు, పక్కన డబ్బుల డబ్బా. కాపలా ఎవరూ ఉండరు, వస్తువు తీసుకుని డబ్బులు వేయాలి. మొదటి వారంలోనే సగం పెన్సిళ్ళు మాయం. ఇంకొకరైతే దుకాణం ఎత్తేసి, పిల్లల్ని తిట్టి, మళ్ళీ ఆ ఊసెత్తేవారు కాదు. ఈయన లెక్క మొత్తం పిల్లలకే అప్పగించారు. ఏం పోయింది, ఎంత నష్టం అని రోజూ సాయంత్రం బోర్డు మీద రాయమన్నారు, దొంగ ఎవరన్న మాట మాత్రం ఎత్తొద్దన్నారు. నెల తిరిగేసరికి పోవడం దాదాపు ఆగిపోయింది, లాభంతో క్యారమ్ బోర్డు కొనుక్కున్నారు. అంతా బాగుంది కదా, కానీ ఈ సంగతి బయట చెప్పడానికి ఆయనకి ఇప్పటికీ జంకే. బడిలో వ్యాపారమా అని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఎవరు కాస్తారు? అదిగో, అక్కడ నువ్వు నిలబడాలి.

వ్యాపారం అంటే గుర్తొచ్చింది. ఢిల్లీ ప్రభుత్వ బళ్ళలో 2019లో పిల్లలకి వ్యాపార చొరవ నేర్పే పాఠ్యక్రమం ఒకటి తెచ్చారు, 2021లో పిల్లలకి తలా 2,000 రూపాయల పెట్టుబడి ఇచ్చి చిన్న చిన్న వ్యాపారాలు చేయించారు. మంచిదే. కానీ టీచర్ల విషయానికొచ్చేసరికి కొందరు దీన్ని యూట్యూబ్ ఛానళ్ళు, కోచింగ్ అని అర్థం చేసుకుంటున్నారు. సర్కారు జీతం తీసుకుంటూ ట్యూషన్లు చెప్పుకోవడం విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారమే కుదరదు. మనక్కావాల్సిన చొరవ వేరు. ఉన్న వనరుల్ని కూడగట్టి, లేనివాటికి దారి వెతికి, పిల్లలకి పనికొచ్చేది ఒకటి నిలబెట్టడం. మహారాష్ట్రలో జిల్లా పరిషత్ బడి టీచర్ రంజిత్‌సిన్హ్ డిసలే పాఠ్యపుస్తకాల మీద క్యూఆర్ కోడ్లు అంటించి పాఠాలు వినిపించాడు, తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వమే దాన్ని అందుకుంది. 2020లో ఆయనకి గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది, పది లక్షల డాలర్లు. అందులో సగం తనతో పాటు పోటీలో నిలిచిన మిగతా తొమ్మిది మందికీ పంచేశాడు! నాకు క్యూఆర్ కోడ్ల కంటే ఈ పంపకమే ఎక్కువ నచ్చింది, అది వేరే సంగతి.

డబ్బు సంగతి కూడా చూడు. సమగ్ర శిక్ష పథకంలో బడికొచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి 10,000 నుంచి 1,00,000 రూపాయల దాకా ఉంటుంది. చిన్న బడికి ఆ పదివేలు సుద్దముక్కలకీ, చీపుళ్ళకీ, మరమ్మతులకే సరిపోవు. మన పాత మేష్టార్లు ఇప్పటికీ తలుచుకునేది టీచర్ గ్రాంటు. ఏడాదికి ఒక్కో టీచర్‌కి 500 రూపాయలు బోధన సామగ్రికని ఇచ్చేవారు గుర్తుందా? మొత్తం చిన్నదే, కానీ దేనికి ఖర్చు పెట్టాలో టీచరే తేల్చుకునేది. నీకు వీలైతే దాతలో, పూర్వ విద్యార్థులో ఎవరినైనా పట్టుకుని మండలానికి ఓ చిన్న నిధి పెట్టు. దరఖాస్తు ఒక్క పేజీ దాటకూడదు. "ఇది కుదరకపోతే?" అన్న ప్రశ్నకి టీచర్ జవాబు రాయాలి. కుదరకపోయినా డబ్బు వెనక్కి అడగనని ముందే చెప్పు. బిల్లుల కోసం వేధిస్తే మాత్రం ఎవడూ రాడు, నేనూ రాను.

డబ్బు కంటే కరువైంది టైమ్. పొద్దున్నే మొదలు ఆ యాప్, ఈ యాప్, ఫోటో ఎక్కలేదు, సర్వర్ డౌన్, ఎక్సెల్ షీట్ అర్జెంట్. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తులు తప్ప బోధనేతర పనులు చెప్పకూడదని అదే చట్టం 27వ సెక్షన్‌లో ఉంది. నువ్వు పైవాళ్ళతో పోట్లాడమని నేననను, నీ సర్వీసు నాకు తెలియనిదా. కానీ నీ ఆఫీసు నుంచి వెళ్ళే సమాచారం ఒకసారి అడిగింది మళ్ళీ అడగకుండా చూస్తే చాలు, టీచర్లు నీకు దండం పెడతారు.

మరి వర్క్‌షాప్ బదులు ఏం చేయాలంటావా? కాంప్లెక్స్ మీటింగ్‌నే మార్చు. ఇప్పుడది సంతకాలు, ఫారాలు, టీ, సమోసా. 1980ల్లో బ్రిటిష్ సాయంతో మన రాష్ట్రంలో ప్రాథమిక విద్య కోసం ఏపీపీఈపీ అనే ప్రాజెక్టు వచ్చినప్పుడు ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు. చుట్టుపక్కల బళ్ళ టీచర్లు ఒకచోట చేరి తాము చేసినవి ఒకరికొకరు చూపించుకునేవారని మా హెచ్ఎం గారు ఎంతో ఇష్టంగా చెబుతారు. ప్రాజెక్టు పోయింది, ఆ అలవాటూ పోయింది. మీటింగ్ ఏ బడిలో పెడితే ఆ బడిలో ఒక టీచర్ నిజం తరగతికి నిజం పాఠం చెప్పాలి, మిగతావాళ్ళు వెనక బెంచీల్లో కూర్చుని చూడాలి. తర్వాత అరగంట మాటలు. మార్కులు, ర్యాంకులు వద్దు. ముందు ఎవరు చెబుతారని ఎవరూ చేయి ఎత్తరు. అప్పుడు నువ్వే చెప్పు, ఎంఈవో గారి పాఠం బాగుండకపోయినా పర్వాలేదు, అది ఇంకా మంచిది!

కొత్త విద్యావిధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి పది రోజులు సంచీ లేని రోజులు ఉండాలని రాశారు కదా, స్థానిక చేతిపనులు చూడ్డానికి. దాన్ని కూడా వాడుకో. మా సైన్స్ సారు పిల్లల్ని పొందూరు తీసుకెళ్ళారు. అక్కడ ఖద్దరుకి పత్తి దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. చేప పళ్ళకి పత్తితో ఏం పని అని పిల్లలు అడిగిన ప్రశ్నలతోనే ఆయనకి వారం పాఠాలు నడిచాయి. మీకు బొబ్బిలి వీణలున్నాయి. తీగ బిగిస్తే శబ్దం ఎందుకు మారుతుందో చెప్పడానికి అంతకంటే ల్యాబ్ ఏం కావాలి? ఏ టీచర్ ఎక్కడికి తీసుకెళ్ళాలో లిస్టు మాత్రం నువ్వు ఇవ్వకు. వాళ్ళనే ఎంచుకోనీ, బస్సుకి పర్మిషన్ నువ్వు చూడు.

స్పీకర్‌కి అడ్వాన్స్ ఇచ్చేశానని మాత్రం అనకు. ఇంకా ఇవ్వకపోతే ఈ నెలాఖరు శనివారం మా కాంప్లెక్స్ మీటింగ్‌కి రా. ఆ పలాస మేడంని కూడా అడిగాను, డబ్బా మూత పట్టుకుని వస్తానన్నారు. నీతో పాటు ఇద్దరు టీచర్లని తీసుకురా. అవార్డులు వచ్చినవాళ్ళు వద్దు, నీ మీద ఎప్పుడూ సణిగేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళని తీసుకురా. పొద్దున్న రైలు ఎక్కితే ఆమదాలవలసలో దిగుతారు, బండి పంపిస్తాను. భోజనం మా ఇంట్లోనే. చెల్లెమ్మ చేసిన చింతకాయ పచ్చడి ఒక సీసా తేవడం మర్చిపోకు, అమ్మ అడుగుతోంది.

ఇట్లు
నీ మావ