మాయ కిందికి ఉంటే 32వ వారం స్కాన్ మరవొద్దు

సంపాదకులకు,

ఐదో నెలలో బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌లో మాయ (ప్లాసెంటా) గర్భాశయ ముఖద్వారం దగ్గరగా కిందికి ఉందని తేలితే కొన్ని ఇళ్లలో గర్భిణిని మంచం దిగనివ్వరు. మరికొన్ని ఇళ్లలో ఆ రిపోర్టు ఫైల్లోకి పోయి కాన్పు దాకా బయటికి రాదు. నెలల తరబడి పడుకోబెడితే మాయ పైకి జరగదు సరికదా, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. రిపోర్టు మరవడం ఇంకా ప్రమాదం.

గర్భాశయం కింది భాగం సాగేకొద్దీ ఇలాంటి మాయల్లో పదింట తొమ్మిది నెలలు నిండేసరికి దారి వదులుతాయి. వదలనిదేదో తేల్చేది 32వ వారంలో యోని ద్వారా లోపలి నుంచి చేసే స్కాన్. రక్తం పోతుందని దీనికి చాలామంది ఒప్పుకోరు. స్కాన్ పరికరం కొన (ప్రోబ్) గర్భాశయ ముఖద్వారంలోకి వెళ్లదు, ఇవతలే ఆగుతుంది. మాయ వెనక గోడకు ఉంటే పొట్ట మీది స్కాన్‌లో బిడ్డ తల అడ్డొచ్చి దాని అంచు కనబడదు. ఆ అంచు ద్వారానికి 20 మిల్లీమీటర్ల లోపే ఉంటే 36వ వారంలో మళ్లీ చూడాలి. ద్వారాన్ని మూసేసి ఉంటే నొప్పులదాకా ఆగకుండా సిజేరియనే.

మన దగ్గర అసలు చిక్కు పాత కోతతోనే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఏపీలో 42.4 శాతం. ఆ మచ్చ మీద మాయ కూర్చుంటే కండలోకి, ఒక్కోసారి మూత్రాశయం దాకా చొచ్చుకుపోతుంది. మాయ కిందికి ఉన్నవారిలో ఇలా అయ్యేది ఒక సిజేరియన్ జరిగి ఉంటే నూటికి 11 మందికి, రెండు జరిగి ఉంటే 40 మందికి అని 2006 నాటి అమెరికా అధ్యయనం. అలాంటి మాయను లాగితే నిమిషాల్లో లీటర్ల రక్తం పోతుంది, గర్భసంచి తీసేయాల్సి రావచ్చు. ముందే తెలిస్తే రక్తం, యూరాలజిస్టు, మత్తు డాక్టరు సిద్ధంగా ఉంటారు.

నొప్పి లేకుండా ఎర్రటి రక్తం కనబడితే, ఆగిపోయిందిలే అనుకోవద్దు. మొదటిసారి తరచూ కొద్దిగానే పోతుంది, తర్వాతిది అలా ఉంటుందన్న భరోసా లేదు. 108లో నేరుగా బ్లడ్ బ్యాంకు, నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉన్న ఆస్పత్రికే వెళ్లాలి. స్కాన్ చూడకుండా ఎవరూ వేలితో లోపలి పరీక్ష చేయకూడదు. బిడ్డకు ప్రధాన గండం నెలలు నిండకపోవడం. 34 వారాల లోపు కాన్పు తప్పదనిపిస్తే ఊపిరితిత్తుల కోసం తల్లికి డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి నాలుగు డోసులు ఇస్తారు. నెగెటివ్ గ్రూపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ పాజిటివ్ రక్తానికి ఎదురుగా తల్లి ఒంట్లో ప్రతిరక్షకాలు పుట్టకుండా ఆపేది) సంగతీ అడగాలి.

ఎంసీపీ (తల్లీబిడ్డల సంరక్షణ) కార్డు పైభాగంలోనే రెండో (32వ వారం) స్కాన్ తేదీ, రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, పాత సిజేరియన్ల సంఖ్య ఎర్ర సిరాతో రాసేలా ఏఎన్ఎంలకు ఆదేశాలివ్వాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాం.

– ప్రసూతి వైద్యులు, ఖమ్మం