న్యుమోనియా రోగికి జబ్బేమిటో జిల్లాలోనే తేల్చండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి సత్యకుమార్ యాదవ్ గారికి,

నమస్కారం. నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరైన టెక్నీషియన్‌ని, ఉండేది అనంతపురంలో. ఆయాసంతో, న్యుమోనియాతో వార్డులో చేరినవాళ్ళకు వైరస్ సోకిందా, ఫంగస్ సోకిందా అన్నది మందు పనిచేసే గడువు దాటకముందే, జిల్లాలోనే తేలాలి. మిమ్మల్ని అడిగేది ఇదొక్కటే.

ఇప్పుడు చాలాచోట్ల తెమడ ముందు టీబీ పరీక్షకు వెళ్తుంది. నెగటివ్ వస్తే యాంటీబయాటిక్, తగ్గకపోతే ఇంకా పెద్ద యాంటీబయాటిక్. వైరస్ మీదా, ఫంగస్ మీదా అవేవీ పనిచేయవు. డాక్టర్లను తప్పుపట్టలేను. పరీక్ష అందుబాటులో లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

వైరస్ సంగతి తేలికే. కోవిడప్పుడు స్వాబ్ తీసి ఆర్టీపీసీఆర్ చేయడం మన జిల్లాలు నేర్చుకున్నాయి. కిట్లు ఇస్తే అదే పద్ధతిలో ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ (ఊపిరితిత్తులకు సోకే మరో వైరస్) కూడా చూడొచ్చు. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. నాలుగో రోజు వచ్చే రిపోర్టు ఫైల్లోకే.

ఫంగస్‌తోనే అసలు బాధ. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు అందరం హడలిపోయాం, ఆ తర్వాత మరిచిపోయాం. చెమ్మ తగిలిన వేరుశనక్కాయల మీద పట్టే ఆస్పర్జిల్లస్ బూజు మీ నియోజకవర్గం ధర్మవరం రైతులకూ తెలిసిందే. ఆ జాతి బూజే ఊపిరితిత్తుల్లోనూ పెరుగుతుంది. ఫ్లూ ముదిరి ఐసీయూలో ఉన్నవాళ్ళకు, ఎక్కువగా స్టెరాయిడ్లు వాడినవాళ్ళకు అది ప్రాణాంతకం. టీబీ నయమైనా ఊపిరితిత్తుల్లో గుంతలు మిగిలితే అక్కడా చేరుతుంది. అప్పుడు దగ్గితే రక్తం పడుతుంది, టీబీ తిరగబెట్టిందనుకుని మళ్ళీ ఆ మందులే మింగిస్తారు.

అలాంటి ఒకాయన నాకు గుర్తున్నాడు. కాయల మిల్లులో హమాలీ. శాంపిల్ బెంగళూరుకు వెళ్ళింది. ఆస్పర్జిల్లస్ అని రిపోర్టు వచ్చేసరికి మనిషి లేడు. ఆ కాగితం ఆయన భార్య చేతికి ఇచ్చింది నేనే. "ఇది ముందే తెలిసుంటే బతికేవాడా సార్?" అని అడిగింది. ఏమీ చెప్పలేకపోయాను.

స్లైడు మీద తెమడ, ఒక చుక్క కేఓహెచ్ (తెమడను కరిగించి బూజును కనబడేలా చేసే క్షార ద్రావణం), మైక్రోస్కోపు ఉంటే మొదటి ఆధారం దొరుకుతుంది. అడ్డగోడలతో, సన్నగా, వై ఆకారంలో చీలే పోగులు కనబడితే ఆస్పర్జిల్లస్ అని అనుమానించాలి. అడ్డగోడలు దాదాపు లేకుండా రిబ్బన్లలా వెడల్పుగా ఉంటే బ్లాక్ ఫంగస్ జాతి. ఈ తేడా చాలా ముఖ్యం. మొదటిదానికి వాడే వోరికోనజోల్ రెండోదానికి పనిచేయదు, దానికి ఆంఫోటెరిసిన్ కావాలి. అయితే తెమడలో బూజు కనబడినంత మాత్రాన జబ్బని కాదు. సీటీ స్కాన్‌తో పాటు, బ్రాంకోస్కోపీలో (ఊపిరితిత్తుల్లోకి సన్నని గొట్టం పంపి చేసే పరీక్ష) తీసిన ద్రవంలో గెలాక్టోమానన్ (ఆస్పర్జిల్లస్ వదిలే పదార్థం) కూడా చూడాలి. దీనికి గంటలోపే ఫలితం చెప్పే స్ట్రిప్పులు వచ్చాయి. టీబీ గుంతలున్నవాళ్ళకైతే రక్తంలో ఆస్పర్జిల్లస్ ఐజీజీ (ఆ బూజు మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీ) పరీక్ష ఉంది.

కాబట్టి అనంతపురం, కర్నూలు, కడప పెద్దాసుపత్రుల్లో ఈ పరీక్షలన్నీ ఏడాది పొడవునా జరిగేలా ఉత్తర్వు ఇవ్వండి. టీబీ నెగటివ్ వచ్చి, యాంటీబయాటిక్‌కు లొంగని ప్రతి రోగి శాంపిల్ ఫంగస్ పరీక్షకు వెళ్ళాలని అందులో స్పష్టంగా రాయించండి. ప్రతి ల్యాబులో ఒకరికైనా ఈ స్లైడ్లు చదవడంలో శిక్షణ ఇప్పించండి. నేర్పడానికి నాలాంటి రిటైరైనవాళ్ళను పిలిస్తే జీతం అడగకుండా వస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
అనంతపురం