వార్షిక నివేదిక 2024–25: సభ్యులు చేసిన నమూనా ఆవిరి రైలింజన్లు, వారి తదనంతరం

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సంఘ సభ్యులందరికీ నమస్కారం.

నిబంధనావళి ప్రకారం సర్వసభ్య సమావేశం ముందు ఏటా ఉంచవలసిన నివేదికను సమర్పిస్తున్నాను. నెలవారీ సమావేశాలు, కొత్త సభ్యులకు లేత్ మీద శిక్షణ, బాయిలర్ పరీక్షలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, చూడదలచినవారికి సమావేశం రోజున అందుబాటులో ఉంచుతాం. ఈ ఏడాది మన కాలాన్నీ, ఓపికనూ ఎక్కువగా తీసుకున్నది వేరొక పని, మరణించిన ఒక సభ్యుడు చేసిన చిన్న ఆవిరి ఇంజన్లను కాపాడటం, కనుక ఈ నివేదికలో అధిక భాగం దానికే కేటాయించాను.

గత వర్షాకాలంలో మనం కోల్పోయిన పెద్దాయన గురించి సంతాప సభలో చెప్పుకున్నదే మళ్లీ రాయను. 1893లో నిజాం రైల్వే స్థాపించిన లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, ఛార్జ్‌మన్‌గా పదవీ విరమణ చేసి, మెట్టుగూడలోని ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన చేసిన ఇంజన్లను మనలో చాలామంది చూశారు. ఆయన పోయాక వాటి సంగతేమిటన్న ప్రశ్న మాత్రం ఆయన ఉన్నంతకాలం మనలో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కర్మకాండలు ముగిసిన కొద్ది రోజులకు వారి శ్రీమతి ఫోను చేసేనాటికే పాత సామాన్ల వ్యాపారి ఒకరు ఆ ఇంటికి వచ్చి, రాగికి ఒక ధర, ఇత్తడికి ఒక ధర, ఇనుముకు ఒక ధర చెప్పి వెళ్లాడు. "అన్నయ్యగారూ, ఏది ఎవరికివ్వాలో ఆయన ఒక్క ముక్క రాసిపెట్టినా మాకింత అవస్థ ఉండేది కాదు" అని ఆమె అన్న మాటను సభ్యులందరి దృష్టికీ తెస్తున్నాను.

ఆ వ్యాపారి చెప్పిన ధర తక్కువేమీ కాదు, ప్రమాదమంతా అక్కడే ఉంది. మన ఇంజన్లో బాయిలరు మొత్తం రాగి, సిలిండర్లు, పంపులు గన్‌మెటల్, కవాటాలు ఇత్తడి. ఏళ్ల తరబడి చేసిన పనికి విలువ కట్టడం ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు గానీ, లోహానికి విలువ కట్టడం బజారుకు బాగా తెలుసు. బిట్రగుంట షెడ్డులో డ్రైవరుగా పనిచేసి రిటైరైన మరో సభ్యుడి ఇంజను కొన్నేళ్ల కిందట ఇదే దారిన పోయింది. మనకు కబురు అందేసరికి బాయిలరును రెండుగా కోసేశారు, ఫ్రేము మాత్రమే దొరికింది. ఈసారి అలా కానివ్వకూడదని కార్యవర్గం మర్నాడే ఆ ఇంటికి వెళ్లింది.

షెడ్డులో ఉన్నవి మూడు ఇంజన్లు. వాటిలో చిన్నది, ఆయన మొదట చేసినది, కర్లీ లారెన్స్ గీసిన టిచ్. ఎల్‌.బి.ఎస్‌.సి. అన్న పొడి అక్షరాలతో బ్రిటన్‌లో నమూనా ఇంజన్ల తయారీ గురించి దశాబ్దాలపాటు రాసిన లారెన్స్ 1967లో మరణించినా, ఆయన డ్రాయింగులతో ఇప్పటికీ ఇంజన్లు తయారవుతూనే ఉన్నాయి. ఇంజను ఒక్కచోటే ఉంటుంది, డ్రాయింగు ఎన్నిచోట్లకైనా పోతుంది కదా. రెండోది అయిదంగుళాల గేజిలో (గేజి అంటే పట్టాల మధ్య దూరం) డబ్ల్యూపీ, మన రైల్వేల బ్రాడ్ గేజి ప్యాసింజర్ ఆవిరి ఇంజను. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి ఆ గేజికి నిష్పత్తి సుమారు 1:13 అవుతుంది. 67 అంగుళాల అసలు చక్రం ఇందులో అయిదంగుళాలకు దిగింది. ముక్కు చుట్టూ ఉండే నక్షత్రాన్ని ఆయన ఇత్తడి రేకులోంచి రంపంతో కోసి, ఒక్కో మొననూ ఆకురాయితో విడిగా అరగదీశారు. దగ్గరగా చూస్తే ఒక మొన మిగతావాటికన్నా వెంట్రుకవాసి పొట్టిగా కనిపిస్తుంది. మూడోది మూడున్నర అంగుళాల గేజిలో మీటరుగేజి ప్యాసింజర్ ఇంజను వైపీ. ఫ్రేము, చక్రాలు, సిలిండర్లు అయ్యాయి, బాయిలరుకు రాగి రేకులు కోసి ఉన్నాయి, అక్కడితో పని ఆగిపోయింది.

టిచ్‌ను బెంగళూరులో ఉంటున్న వారి అమ్మాయి తీసుకున్నారు. అది ఆమె ఇంటి అద్దాల బీరువాలో ఉంది. దాన్ని నడిపించాలన్న కోరిక ఆమెకు లేదు. తండ్రి జ్ఞాపకంగా ఉంచుకుంటానన్న కూతురితో వాదించే హక్కు మనకూ లేదు. బాయిలర్లో చుక్క నీరు కూడా మిగలకుండా ఆరబెట్టి, పిస్టన్లకు, వాల్వులకు నూనె పట్టించి, తిరిగి నడిపించాలంటే ముందుగా ఏమేం పరీక్షించాలో ఒక కాగితం మీద రాసి ఆ ఇంజను కిందే పెట్టి ఇచ్చాం. ఇవ్వదగిన సాయం అంతకుమించి లేదు.

డబ్ల్యూపీ విషయంలో మాత్రం కుటుంబం ఉదారంగా ప్రవర్తించింది. యాజమాన్యం తమ వద్దే ఉంచుకుని, నడిపే బాధ్యత సంఘానికి అప్పగిస్తూ వారు రాసిచ్చిన పత్రం మన దగ్గర ఉంది. ఇంజను చేతికి రాగానే పొయ్యి రాజేయాలని తొందరపడినవారు లేకపోలేదు. చాలాకాలం కదలకుండా ఉన్న ఇంజన్లో బాయిలరు అడుగున నీరు మిగిలి ఉంది, నీటి మట్టం చూపే గేజి గ్లాసు ప్యాకింగులు గట్టిపడ్డాయి, యాక్సిల్ బాక్సుల్లో నూనె జిగురై కూర్చుంది. ఇంత చిన్న బాయిలర్లను ప్రభుత్వ తనిఖీదారు పరీక్షించడు. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చినా, 25 లీటర్లలోపు పాత్రలు దాని పరిధిలోకి రావు. చట్టం పట్టించుకోదు కాబట్టి మనమే పట్టించుకోవాలి. బ్రిటన్ సంఘాలు పాటించే పద్ధతినే మనమూ పాటిస్తున్నాం: కొత్త బాయిలరును పనిచేసే ఒత్తిడికి రెట్టింపు నీటి ఒత్తిడితోనూ, ఒకసారి పరీక్షకు నిలిచినదాన్ని ఆ తరువాత ఒకటిన్నర రెట్లతోనూ పరీక్షిస్తాం. పెద్దాయన నోటు పుస్తకంలో మొదటి పరీక్ష తేదీ, చదరపు అంగుళానికి 160 పౌన్ల అంకె (పనిచేసే ఒత్తిడి 80కి రెట్టింపు), ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి. ఆ ఒక్క పేజీ వల్లనే 120 పౌన్ల పరీక్ష సరిపోయింది. చేతిపంపు కొడుతుండగా ముల్లు 100 దాటాక ఫైర్‌బాక్సు పక్కన ఒక స్టే (రేకులను బిగించి ఉంచే కడ్డీ) తల దగ్గర చెమట పట్టినట్టు తడి కనిపించింది. ఒత్తిడి దింపి, శుభ్రం చేసి, వెండి సోల్డరు మళ్లీ పోసి, పరీక్ష మొదటినుంచి చేశాం. రెండోసారి ముల్లు కదలలేదు.

సంక్రాంతి తరువాతి ఆదివారం ఒక పాఠశాల మైదానంలో ఆ ఇంజను నడిచింది. ఈ సంవత్సరం సంఘం గర్వంగా చెప్పుకోదగిన రోజు అదే. కిరసనాయిల్లో నానబెట్టిన కట్టెబొగ్గుతో పొయ్యి రాజేసి, పొగగొట్టం మీద ఎలక్ట్రిక్ బ్లోయరు పెట్టి, ఆవిరి తయారయ్యాక సింగరేణి బొగ్గు వేశాం. ఒకప్పుడు దక్షిణ మధ్య రైల్వే ఇంజన్లను నడిపిన బొగ్గే అయినా, బూడిద ఎక్కువ కావడంతో మన సన్నని ట్యూబుల్లో అది పేరుకుంటుంది, రెండు గంటలకోసారి బ్రష్ పెట్టవలసి వచ్చింది. అయినా 80 పౌన్ల దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకున్నప్పుడు మైదానంలో చప్పట్లు మోగాయి. సాయంత్రం దాకా పిల్లలు వరసకట్టి ఎక్కారు. వారి శ్రీమతి, అమ్మాయి, అల్లుడు చివరిదాకా ఉన్నారు. మనవడికి రెగ్యులేటరు (సిలిండర్లకు ఆవిరి వదిలే మీట) తెరవడం నేర్పిన సీనియర్ సభ్యుడికి ఈ నివేదిక ద్వారా ప్రత్యేక కృతజ్ఞతలు.

ఆ రోజు గురించి ఇంకొక మాట కూడా రాయక తప్పదు. పట్టాల ముక్కలు, స్టాండ్లు, బళ్లు ఎక్కించి దించడానికి పేర్లిచ్చినవారిలో సగం మంది రాలేదు. నలుగురు పట్టవలసిన ఇంజనును తెల్లవారుజామున ఇద్దరు షష్టిపూర్తి దాటినవారు, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు వ్యానులోంచి దించారు. రాలేమని ముందురోజు ఒక్క ఫోను చేసి ఉంటే కూలీలనైనా పెట్టుకునేవాళ్లం. ఫొటోలు తీసుకునే సమయానికి మాత్రం హాజరు బాగానే ఉంది.

వైపీ సంగతి అంత తేలికగా తేలలేదు. పూర్తయిన ఇంజనును కొనేవారుంటారు, సగంలో ఆగినదాన్ని అడిగే నాథుడుండడు. పైగా దానిలో ఏ ముక్క ఎక్కడిదో చేసినవారికే తెలుసు. అగ్గిపెట్టెల్లో, మాత్రల డబ్బాల్లో పెట్టిన చిన్న భాగాల మీద ఆయన పెన్సిలుతో రాసిన గుర్తులు కొన్ని అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. పాత ఫారాల వెనకవైపు గీసుకున్న స్కెచ్చులను వరసలో పెట్టేసరికి వాల్వు గేరు (సిలిండర్లలోకి ఆవిరిని వేళకు వదిలే ఏర్పాటు) కొలతలు దొరికాయి. వాటన్నిటినీ స్కాన్ చేసి భద్రపరిచిన యువ సభ్యురాలికి ధన్యవాదాలు. ఆమే ఇప్పుడు బాయిలరు పని మొదలుపెట్టారు. పూర్తయ్యాక ఇంజను ఎవరిదని చెప్పుకోవాలన్న దానిపై కార్యవర్గంలో వాదన గట్టిగానే జరిగింది. పూర్తిచేసినవారి పేరు అసలు ఉండకూడదని కొందరు, ఇద్దరి పేర్లూ ఫలకం మీద ఉండాలని కొందరు అన్నారు. చివరకు ఫ్రేము లోపలివైపు, ఏ భాగం ఎవరు చేశారో పంచ్‌తో చెక్కాలని తీర్మానించాం. పైకి కనిపించే ఫలకం మీద పెద్దాయన పేరే ఉంటుంది. ఇది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. ఎందుకంటే, రేపు వాల్వు గేరులో తేడా వస్తే ఎవరి లెక్క ఎక్కడ మొదలైందో తరువాతివాళ్లకు తెలియాలి.

ఇవన్నీ ప్రదర్శనశాలకు ఇచ్చేస్తే సరిపోదా అని అడిగిన సభ్యులకు సమాధానం. ప్రయత్నించాం. ఒక కార్యాలయానికి రాసిన ఉత్తరాలకు రశీదులున్నాయి తప్ప జవాబులు లేవు. మరొకచోట దరఖాస్తుతోపాటు కొనుగోలు బిల్లు జతచేయమన్నారు. చేత్తో చేసిన ఇంజనుకు బిల్లు ఎక్కడినుంచి తేవాలో చెప్పే అధికారి ఇంకా దొరకలేదు. అయితే మార్గాలు లేవని కాదు. బ్రిటన్‌లో రోడ్డు మీద నడిచే ఆవిరి ట్రాక్షన్ ఇంజన్ల నమూనాలకు పేరుపొందిన చెర్రీ హిల్ తన పనిని లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ మెకానికల్ ఇంజినీర్స్‌కు తానే అప్పగించారు. పుణెలో భావూ జోషి రూపొందించిన చిన్న రైళ్ల నగరం 1998 నుంచి ప్రజలకు తెరిచి ఉంది, కుటుంబమే దాన్ని నడుపుతోంది. రెండుచోట్లా నిర్ణయం చేసినవారి చేతులమీదుగా జరిగింది, తరువాతివారికి పని మాత్రమే మిగిలింది. మన సభ్యుల ఇళ్లలో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

అందుకే కార్యవర్గం ఒక నమోదు పత్రం తయారుచేసింది. ఇంజను పేరు, గేజి, బాయిలరు పరీక్ష తేదీలు, డ్రాయింగులు ఉన్న చోటు, అసంపూర్ణంగా ఉంటే ఎంతవరకు వచ్చింది, తదనంతరం ఎవరికి చెందాలి, వారు వద్దంటే ఆ తరువాత ఎవరికి అన్న వివరాలు అందులో నింపాలి. ఇది వీలునామాకు బదులు కాదు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు కాగితం అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ముస్లిం సభ్యులకు వర్తించే నియమాలు వేరు కనుక వారు వకీలును సంప్రదించడం మంచిది. బతికుండగానే ఇవ్వదలచినవారికి ఇంకా సులువు, చరాస్తిని అప్పగిస్తే దానం చెల్లుతుంది. ఈ పత్రాన్ని గత సమావేశంలో అందరికీ పంచాం. నింపి తిరిగి ఇచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇవ్వనివారిలో ఇంజన్లు ఎక్కువగా ఉన్నవారే ఎక్కువ.

ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటరు సంతకంతో విడిగా జతచేశాం. చందాలు, విరాళాలు ఖర్చులకు సరిపోయాయి, బకాయిదారుల జాబితా కోశాధికారి వద్ద ఉంది. సందేహాలుంటే సమావేశంలో అడగవచ్చు.

మైదానం ఇచ్చిన పాఠశాల యాజమాన్యానికి, వ్యాను సమకూర్చిన సభ్యుడికి, రాగి రేకులు కోసిపెట్టిన వర్క్‌షాపు మిత్రులకు, పిల్లలకు మజ్జిగ, పులిహోర తెచ్చిన మహిళా సభ్యులకు, డబ్బు లెక్కలు ఓపికగా రాసిన కోశాధికారికి, అన్నిటికన్నా ముందుగా ఇంజన్లను మన చేతిలో పెట్టిన ఆ కుటుంబానికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

బాయిలరు పరీక్షల ఉపసంఘంలో ఒక స్థానం ఖాళీగా ఉంది. చేతిపంపు, పరీక్ష గేజి ప్రస్తుతం నా ఇంట్లోనే ఉన్నాయి. బాధ్యత తీసుకోదలచినవారు సమావేశానికి ముందే పేరు ఇవ్వగలరు, వచ్చేటప్పుడు నింపిన నమోదు పత్రాన్ని కూడా వెంట తేగలరు.

ఇట్లు,
కార్యదర్శి