మా నాయన కోసం కష్టపడినోళ్ళందరికీ పేరు పేరునా థ్యాంక్స్

అందరికీ నమస్తే. మా నాయనకి స్ట్రోక్ వచ్చినప్పటి నుంచి ఫోన్లు చేసినోళ్ళు, అన్నం క్యారియర్ పంపినోళ్ళు, అందరికీ చెప్పాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా. కింద ఫ్లోర్ అన్నకి ముందు దండం, మూతి వంకర పోయిందని చూసిన వెంటనే కారు తీసి, బెంగళూరు కేఆర్ పురం బ్రిడ్జి ట్రాఫిక్‌లో హారన్ కొట్టుకుంటా తీసుకుపోయినాడు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ స్ట్రోక్ మొదలైన నాలుగున్నర గంటల్లోపే వెయ్యాలంట, టైమ్‌కి పడింది.

ఆ తర్వాత సంగతే అసలు చెప్పాల్సింది. అనంతపురం చుట్టాలందరూ "ఫిజియో పెట్టించు చాలు" అన్నారు, ఇంకొందరు పసరు కట్టిద్దాం తీసుకురా అన్నారు. నిజంగా చూస్తే ఒక్కొక్కరి పని ఒక్కోటి. నాయనకి మెదడులో ఎడమ పక్క దెబ్బ తగిలింది, అందుకే కుడి కాలు చెయ్యితో పాటు మాట కూడా పోయింది.

ఫిజియో సార్ మొదట చేయించింది ఎక్సర్‌సైజే కాదు, మాకు పట్టుకోవడం నేర్పించినాడు. చంకలో చెయ్యి వేసి లాగి లేపొద్దు, ఆ భుజం కీలు పట్టు తప్పి ఉంటుంది, జారుతుంది అని గట్టిగా చెప్పినాడు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు. ఇప్పటికీ మెట్ల దగ్గర మా అమ్మ అదే అరుస్తుంటుంది.

స్పీచ్ థెరపిస్ట్ అంటే మాటలకే అనుకుంటాం కదా, ఆ అమ్మాయి వచ్చి ముందు చూసింది మింగడం. పిన్నమ్మ ప్రేమగా కొబ్బరినీళ్ళు పట్టుకొస్తే ఆ అమ్మాయి ఆపేసింది. గట్టిది కన్నా పల్చటిదే ఇప్పుడు డేంజర్, సర్రున జారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కొందరికి పొలమారను కూడా పొలమారదు, దగ్గు లేకుండానే నిమోనియా వస్తుంది అని చెప్పి కాఫీలో కూడా చిక్కబరిచే పౌడర్ కలిపించింది (ఆ కాఫీ చూసి నాయన పెట్టిన మొహం మాత్రం మర్చిపోలేం). మాట సంగతైతే విచిత్రం, "నీళ్ళు" అనలేని మనిషి పిన్నమ్మ మీద కోపంతో ఒక బూతు మాత్రం సుబ్బరంగా తిట్టినాడు. ఆ అమ్మాయి నవ్వి, నోటికి అలవాటైపోయినవి అట్లా వచ్చేస్తాయి అంకుల్, అక్కడి నుంచే పట్టుకుందాం అనింది. సోమవారం, మంగళవారం అని తను మొదలుపెట్టి ఆగేది, బుధవారం అని నాయన అందుకునేవాడు. కోలార్ వైపు అమ్మాయి, తెలుగు బాగా వచ్చు, ఇంట్లో మాట్లాడే భాషలోనే చేయాలని బొమ్మల కార్డులు పక్కన పెట్టి మా ఇంట్లో చెంబు, కండువా, పప్పుగుత్తి ఫోటోలు తీయించింది.

ఇంక ఓటీ మేడమ్, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అంటారు, రోజువారీ పనులు మళ్ళీ సొంతంగా చేసుకోవడం నేర్పిస్తారు, ఈ పేరు నేను అప్పటిదాకా వినలేదు. ఆమె పనంతా బాత్రూమ్‌లో, బీరువా దగ్గర. చొక్కా వేసేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, తీసేటప్పుడు ఆఖరున. ఒంటి చేత్తో టవల్ పిండాలంటే కుళాయికి చుట్టి మెలిపెట్టాలి. స్పూన్ కాడకి స్పాంజి చుట్టించింది. తన చొక్కా తాను వేసుకున్న రోజు నుంచే నాయన మొహంలో మార్పొచ్చింది, అది నడకతో రాలేదు, నాకైతే అట్లే అనిపించింది.

మధ్యలో ఊరికే ఏడవడం, ఎవరొచ్చినా గోడ వైపు తిరిగి పడుకోవడం చూసి సైకాలజిస్ట్ దగ్గరికి పంపింది కూడా ఆమెనే. స్ట్రోక్ వచ్చినోళ్ళలో దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుందంట, మేమేమో మొండితనం అనుకుంటున్నాం. ఆయన మాట్లాడింది నాయనతో కొంచెం, అమ్మతో చాలా.

అందరికీ చేతులెత్తి దండం. ఇప్పుడు నాయన కర్రతో నడుస్తున్నాడు, వీల్‌చైర్, కమోడ్ చైర్ ఊరికే ఉన్నాయి, మంచి కండిషన్. కేఆర్ పురం, మారతహళ్ళి వైపు ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, డబ్బులేం వద్దు, ఆటో మాత్రం మీరే తెచ్చుకోండి.